జనవరిలో ఎందుకు వెళ్లకూడదు?

“మంచు మీద జారుడు వచ్చా నీకు?”

“బాత్రూంలో జారిన సార్.”

“గంత చాలు. తలుపేసి కూర్చో.”

ఎర్రమంజిల్‌లో ఆ ఆఫీసు బయట భూగర్భజలాల సర్వే అని బోర్డుంటుంది. లోపల అడిగినవాడు చీఫ్ రాజనర్సయ్య, జవాబు చెప్పినవాడు ఏజెంట్ గిడియన్. సర్వీసు మొదలైనప్పటి నుంచి గిడియన్ ఒంట్లోంచి బుల్లెట్లు తీశారు, పరాయి దేశాల్లో దొంగ పేర్లతో బతికాడు, భార్యను పోగొట్టుకున్నాడు. పోగొట్టుకోవడమంటే ఆవిడ చచ్చిపోలేదు. ఈయనతో వేగలేక వెళ్లిపోయింది.

“పంజాగుట్టల హిమశ్రీ హాలిడేస్ అని ఒక ట్రావెల్ ఆఫీసుంది,” అన్నాడు రాజనర్సయ్య. “పిల్లాజెల్లతోటి ఆల్ప్స్ కొండలకు తోల్కపోయి స్కీయింగ్ చేయిస్తరట. దాని ఎనక ఉన్నది ఫారిన్ రింగ్. లీడర్ కోడ్ నేమ్ వైట్. మొఖం ఎవ్వడు చూడలే.”

“టార్గెట్?”

“సురేందర్. క్షిపణి ల్యాబ్ సైంటిస్ట్. జనవరిల మన కొత్త క్షిపణి టెస్టుంది. ఏ రోజు, ఏ తావున అన్నది గుప్పెడు మందికే ఎరుక. అండ్ల ఈయన ఒకడు. గా ముక్క దొరికితే వాళ్ల ఓడ ముందుగాల్నే పోయి నిలబడి మన సిగ్నల్సన్నీ గుంజుకుంటది.”

“ఆయన ట్రిప్ ఆపితే అయిపాయె గద సార్?”

“ఈయన్ను ఆపితే ఇంకొకణ్ని పట్టుకుంటరు. నాకు వైట్ కావాలె.” చీఫ్ గొంతు తగ్గించాడు. “ఒకటి యాదుంచుకో గిడియన్. గా ముక్క సురేందర్ నోట్లకెల్లి ఎల్లిందంటే, తెల్వక చెప్పినా సరే, ఆయన్ను జైలుకు పంపేది మనమే.”

“లోపల మన మనిషి?”

“జెనీఫర్. వాళ్ల కొలువు చేస్తది, మన కొలువు చేస్తది. నిజం ఎవలకు చెప్తదో ఆమెకే తెల్వాలె.”

మర్నాడు పంజాగుట్టలో లిఫ్టు దిగినవాడు గిడియన్ కాదు. నల్లటి పెట్టుడు మీసంతో, యూసుఫ్‌గూడలో టైల్స్ వ్యాపారం చేసుకునే జాన్‌బాబు. చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్, జేబులో లిప్ బామ్ గొట్టం. మూత తిప్పి అందులోని మత్తుమందు ముఖమ్మీద కొడితే ఏనుగైనా నిద్రపోతుందని టెక్నికల్ వాళ్ల హామీ. ఏ ఏనుగు మీద పరీక్షించారో మాత్రం చెప్పలేదు.

రిసెప్షన్లో జెనీఫర్ నవ్వింది. ఆ నవ్వు చూస్తే చలంటే పడనివాడు కూడా ఆల్ప్స్‌కి టికెట్టు కొనుక్కుంటాడు.

“అక్కడ అన్నం దొరుకుతుందా మేడం?”

“కుక్కర్ మీరే తెచ్చుకోవాలి సార్.”

కోడ్ సరిపోయింది. బ్రోచర్ అందిస్తూ ఆమె పెదవులు కదలకుండా మాట్లాడింది. “వైట్ ఇంకా రాలే. వచ్చిననాడు కుక్కర్ వచ్చిందని చెప్తా.”

“నిన్ను నమ్మాల్నా?”

“నన్ను కాకుంటే ఇంకెవర్ని నమ్ముతవు?”

నిజమే. నమ్మడానికి అతనికి ఇంకెవరూ లేరు.

సోఫాలో సురేందర్ కుటుంబం ఉంది. భార్య మధులత ఫోన్లో స్వెటర్లు చూస్తోంది. పన్నెండేళ్ల కూతురు యశస్విని ఏసీ గదిలోనే ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చుంది. సురేందర్ ముందు ఆ కొండల మ్యాపు పరిచి ఉంది. కొత్త మనిషి కనబడగానే జరిగి చోటిచ్చాడు.

“రా అన్నా. గీ నీలం గీతలున్నయి గద, గవి మనసొంటోళ్లు జారే తొవ్వలు. ఎర్రవి జర కష్టం. నల్లవి మనం దూరంకెల్లి దండం పెట్టుడే. పిల్లలకు సపరేటు స్కీ స్కూల్ ఉంది. ఒక బెల్టు ఉంటదట, నిలబడితే అదే పైకి తీస్కపోతది.”

“అంకుల్, పడితే దెబ్బ తగలదంట,” అంది యశస్విని. “మంచు మెత్తగా ఉంటదంట.”

ఆ రోజు నుంచి పని పేరుతో గిడియన్ వాళ్లతో తిరిగాడు. అమీర్‌పేటలో గ్లౌజులు కొన్నారు. హోటలా, వంటగదున్న అపార్ట్‌మెంటా అని వాదించుకుని, చారు లేకుండా మధులత ఉండలేదు కాబట్టి అపార్ట్‌మెంటే ఖాయం చేశారు. సురేందర్ లాంటి అమాయకుణ్ని గిడియన్ తన ఉద్యోగంలో చూడలేదు. ల్యాబ్ సంగతి పొరపాటున కూడా ఎత్తడు. మంచు సంగతి మొదలుపెడితే ఆపడు. వినీ వినీ గిడియన్‌కి కూడా ఆ కొండ మీద ఒకసారి పడి లేవాలనిపించింది. ఆ ప్రయాణం జరగదని ఆ నలుగురిలో తెలిసింది అతనొక్కడికే.

వీసాకి ముందు మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, ఉంటుందని ఒకరోజు ట్రావెల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. అమీర్‌పేట చుట్టుపక్కల పరీక్షంటే కోచింగ్ ఉండాల్సిందే, ఇంటర్వ్యూ అంటే మాక్ ఉండాల్సిందే. ఎందుకని ఎవరూ అడగరు. రాకెట్ పక్కన నిలబడి వణకని సురేందర్, ఆ మాట వినగానే చెమటలు పట్టి జాన్‌బాబు చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, ఇంటర్వ్యూ అంటే నాకు నోరు పడిపోతది. మా తమ్ముని నౌకరి ఇంటర్వ్యూల దోస్తు ఫోన్లకెల్లి చెవిల చెప్పిండు, వీడు ఒప్పజెప్పిండు. గట్లనే నువ్వు నాకు చెప్పు. ఫారిన్ పార్టీలతోటి మాట్లాడెటోనివి నువ్వు.”

దేశ రహస్యాలు కాచే మనిషి, ఉత్తుత్తి పరీక్షకు కాపీ కొడదామంటున్నాడు. గిడియన్‌కి నవ్వు రాలేదు. “సరే తమ్ముడూ,” అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం జెనీఫర్ హాల్లోకి వచ్చి చెప్పింది. “జాన్‌బాబు గారూ, కుక్కర్ వచ్చింది.”

గాజు తలుపు అవతల టేబుల్ వెనక తెల్లజుట్టు మనిషి కూర్చున్నాడు. రిటైరైన వీసా ఆఫీసరని పరిచయం చేశారు. తలుపు జెనీఫర్ వేలిముద్రకే తెరుచుకుంటుంది. సురేందర్ లోపలికెళ్లాడు, తోడు జెనీఫర్ వెళ్లింది, తలుపు మూసుకుంది. సురేందర్ చెవి వెంట్రుకల్లో దాచిన ఇయర్‌పీస్ గిడియన్ ఫోనుకి కలిపి ఉంది.

గడియారంలో చీఫ్ గొంతు పలికింది. “గిడియన్, మనోళ్ల బండి పంజాగుట్ట చౌరస్తాల ఇరికింది. ముందుకు పోదు, ఎనకకు రాదు.”

ప్రశ్నలు మొదలయ్యాయి. ఎక్కడ దిగుతారు, స్కీలు అద్దెకా సొంతమా, పిల్లకి స్కూలు సెలవులున్నాయా. గిడియన్ చెవిలో చెప్పాడు, సురేందర్ ఒప్పజెప్పాడు. అంతా సాఫీగా సాగుతోంది.

“జనవరిలో ఎందుకు వెళ్లకూడదు?” అన్నాడు తెల్లజుట్టు మనిషి, నేర్చుకున్న తెలుగులో. “అప్పుడు మంచు ఎక్కువ. జనం తక్కువ.”

గిడియన్‌కి అప్పుడు వెలిగింది. ఇదా సంగతి! దెబ్బలు లేవు, బెదిరింపులు లేవు. సెలవు తేదీల గురించి ఒక మామూలు ప్రశ్న, అంతే.

“బిడ్డకు పరీక్షలు,” అని అందించాడు. సురేందర్ అదే అన్నాడు.

“చాలదు. మీరు తిరిగి వస్తారని నమ్మకమేమిటి? మీరు లేకపోతే ఇక్కడ ఆగిపోయే పని ఏముంది? ఏమీ లేకపోతే వీసా రాదు. మీ అమ్మాయి మంచు చూడదు.”

“ఇల్లుంది, అమ్మానాన్న ఉన్నరని చెప్పు,” అన్నాడు గిడియన్.

సురేందర్ వినలేదు. ఫెయిలవుతానన్న భయం, తను లేకపోతే ఏదీ ఆగదన్న అవమానం, రెండూ కలిసి అతని నోరు విప్పాయి.

“పని ఎందుకు లేదు సార్? జనవరిల నేను లేకుంటే మొత్తం ఆగిపోతది! ఎందుకంటే గా నెల...”

“వద్దు! ఆపు తమ్ముడూ!”

చెవిలో ఎంత మొత్తుకున్నా సురేందర్‌కి ఎక్కడం లేదు. తలుపు బద్దలుకొట్టేలోపు మాట పూర్తవుతుంది. గిడియన్‌కి ఇక దారి కనబడలేదు. యూసుఫ్‌గూడ గల్లీలో చిన్నప్పుడు పక్కింటి పోచమ్మవ్వ తనను ఎందుకు తిట్టేదో చప్పున గుర్తొచ్చింది. బలమంతా కూడదీసుకుని ఒక తుమ్ము తుమ్మాడు.

“హాచ్!”

ఫోన్లోనూ, గాజు తలుపు మీదా ఒకేసారి మోగింది. సురేందర్ నోరు అక్కడికక్కడే మూతపడింది.

“ఆ నెల?” అన్నాడు వైట్.

“ఒంటి తుమ్ము సార్. జర ఆగాలె.”

“ఏమిటిది?”

“ఈయన లేచి నీళ్లు తాగి రావాలి సార్,” అంది జెనీఫర్. “లేకపోతే ఇక నోరు విప్పరు. మావాళ్లంతా ఇంతే.”

దొంగ తుమ్ము చేసిన పనికి గిడియన్ ముక్కులో అసలు తుమ్ము బయల్దేరింది. రెండోది వస్తే శకునం రద్దు. దేశ భద్రతనంతా రెండు వేళ్ల మధ్య పట్టుకున్నట్టు ముక్కు నొక్కుకుని, కళ్లవెంట నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు.

జెనీఫర్ తలుపు మీద వేలు పెట్టింది. సురేందర్ నీళ్ల కోసం బయటికొచ్చి కారిడార్ మలుపు తిరిగాడు. మూసుకుంటున్న తలుపు సందులోంచి గిడియన్ లోపలికి దూరాడు. వైట్ చెయ్యి కోటులోకి వెళ్లింది. లిప్ బామ్ మూత తిరిగింది. పిస్తోలు సగం బయటికి వచ్చేసరికి తెల్లజుట్టు టేబుల్ మీద వాలిపోయింది. అప్పుడు తుమ్మాడు గిడియన్, తనివితీరా.

చౌరస్తాలో బండి వదిలేసి నడిచొచ్చిన మనుషులు, లైసెన్సు లేని ట్రావెల్ ఆఫీసు మీద దాడి అని చెప్పి సీలేశారు. అనుమానం రాకుండా జెనీఫర్‌కీ బేడీలేశారు. ఆమె గిడియన్ వైపు ఒక్కసారి చూసింది. ఆమెను ఏ ఊరికి, ఏ పేరుతో పంపుతారో అతనికెవరూ చెప్పరు. అడిగే హక్కు కూడా లేదు.

కబురు తెలిసి మధులత, యశస్విని వచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. విదేశం వెళ్లడానికి ల్యాబ్ ఇచ్చిన పర్మిషన్ మర్నాటికి రద్దవుతుంది. ఇక ముందు కూడా రాదు. ఎందుకో సురేందర్‌కి చెప్పరు. యశస్విని టోపీ తీసి చేతిలో నలుపుతోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది గిడియన్‌కి.

“తమ్ముడూ...” అంటూ దగ్గరికెళ్లాడు.

సురేందర్ చూపు తిప్పుకున్నాడు. “నీ మీద కోపం లేదు జాన్‌బాబన్నా. కానీ సమయం జూసి తుమ్మినవు. నువ్వు తుమ్మకుంటే నా బిడ్డ మంచు జూస్తుండె. మల్ల ఎప్పుడన్న మేం మంచి పని మొదలువెడితే జర దూరం ఉండు.”

ముగ్గురూ మెట్రో మెట్లెక్కి వెళ్లిపోయారు. గిడియన్ మీసం పీకి జేబులో వేసుకున్నాడు. ఈ జన్మలో తనను ఇంటి మనిషిలా సోఫాలో జరిగి కూర్చోబెట్టుకున్న కుటుంబం అదొక్కటే. ఆ ముక్క వాళ్లకి చెప్పడం కూడా రహస్యాల చట్టం కిందకే వస్తుంది.

జనవరిలో క్షిపణి అనుకున్న చోట, అనుకున్న రోజున ఎగిరింది. సముద్రంలో ఏ ఓడా లేదు.

“గురి తప్పలేదు,” అన్నాడు రాజనర్సయ్య, గిడియన్‌కి చాయ్ పోస్తూ. “ల్యాబ్‌ల అందరు సురేందర్‌ను ఎత్తుకున్నరంట. ఎట్ల సాధ్యమైందని అడిగితే ఒకటే మాట చెప్పిండంట.”

“ఏమన్నడు సార్?”

“దగ్గర్ల ఎవ్వడు తుమ్మలేదన్నడు.”