మడత పడిన బీడింగ్

జీపు వచ్చి ఆగిన తీరు చూడగానే, ఈ రోజు తన పని అయిపోయిందని నిదానానికి అర్థమైంది. ఎప్పుడూ మెల్లగా వచ్చి రెండుసార్లు హారన్ కొట్టే బండి, ఇవాళ సర్రున దూసుకొచ్చి షెడ్డు గుమ్మానికి జానెడు దూరంలో ఆగింది. ముందు అద్దం మీద కింది మూల నుంచి పై మూల దాకా పగులు పాకి ఉంది.

నిదానం అతని అసలు పేరు కాదు లెండి. షెడ్డు వాళ్ళ అక్కది. ఇంజన్లు ఆవిడ చూస్తుంది, అద్దాలూ రబ్బర్లూ తమ్ముడు చూస్తాడు. గంట పనికి పూటంతా తీసుకుంటాడని అక్క విసుక్కుంటూ పెట్టిన పేరు, పెట్టిన ముహూర్తం మంచిదేమో, అలాగే అతుక్కుపోయింది.

బండి దిగినామె పశువుల డాక్టరు. ముప్పై ఏళ్ళ కిందటి ఆ జీపు వాళ్ళ బాబాయి ఇచ్చింది. అద్దం అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయని ఈ వానల్లో, మూడు నెలల్లో, నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ అతను నీళ్ళు దిగే సందుల్లో సీలెంట్ జిగురు పూశాడు. అది ఆరేదాకా బండి కదలకూడదని ఆమెను బల్ల మీద కూర్చోబెట్టేవాడు. మందు మింగకుండా మేకలు పడే నటన గురించి ఆమె చెబుతుంటే, చేతిలో పని వదిలేసి నవ్వేవాడు. అలా గంట గడిచేది. సీలెంట్ అరగంటలో ఆరుతుందని అతనికి తెలుసు.

ఇవాళ మాత్రం ఆమె మొహంలో నవ్వన్నది లేదు.

"నిన్న వానలో కొండ దిగుతుంటే పగిలింది. ఎదర ఏమీ కనబడలేదు. తల బయటపెట్టి నడిపాను" అంది.

మిగతాది గబగబా చెప్పేసింది. బదిలీ అయింది. కొండకు అవతల ఉన్న ఆసుపత్రిలో రేపు పొద్దున్నే చేరాలి. నాలుగింటికల్లా బయలుదేరకపోతే చీకటి పడే లోపు కొండ దాటలేదు. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగితే ఈ మోడల్ అద్దం ఒకే ఒక్కటి దొరికింది. అద్దం చుట్టూ తొడిగే కొత్త రబ్బరు బీడింగ్ కూడా బండిలోనే ఉంది. అవుతుందా, అవదా, ఒక్క మాట చెప్పమంది.

అవుతుందన్నాడు. బదిలీ అన్న మాట దగ్గరే అతని ప్రాణం ఆగిపోయింది.

పాత బీడింగ్‌ను బ్లేడుతో కోసి, అద్దం తీసి పక్కన పెట్టాడు. కింద ఫ్రేమ్ అంచు చూశాక అతను బ్లేడు కింద పెట్టేశాడు. ఇనుము తుప్పు పట్టి పొక్కులు పొక్కులుగా లేచింది. చింతగింజంత పొక్కు ఒకటి సరిగ్గా పగులు మొదలైన చోట ఉంది. కారిన నీళ్ళు రబ్బరు వెనక నిలిచి ఇనుమును తిన్నాయి. ఆ తుప్పు ఉబ్బి అద్దాన్ని పొడిచింది.

ఆమె మొదటిసారి వచ్చిన రోజే రబ్బరు ఎండి కర్రలా అయిపోయిందని అతను చూశాడు. మార్చాలని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మారిస్తే కారదు. కారకపోతే ఆమె రాదు. ఆ స్వార్థమే నిన్న ఆమెను కొండ మీద గుడ్డిగా నడిపించింది. అదృష్టం బాగుండి బతికింది.

అక్క వచ్చి తుప్పును చూసింది, తర్వాత తమ్ముడి మొహం చూసింది. ఆవిడకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది, అతనికి మాత్రమే వినబడేలా.

నేనే చెప్తానన్నాడు. కానీ ఉప్పు కాగితంతో తుప్పు గీకుతున్నంతసేపూ చెప్పలేదు, ప్రైమర్ పూసేటప్పుడూ చెప్పలేదు. అది ఎండేలోగా కొత్త బీడింగ్‌ను కవర్లోంచి తీసి సబ్బు నీళ్ళలో వేశాడు. అదేమిటో, కవర్లో పడిన నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి, ఎంత సాగదీసినా పోవడం లేదు. కొత్త రబ్బరే, మడతలు మాత్రం పాతవి. ఎవడో పాత సరుకు అంటగట్టాడు అనుకున్నాడు. ఇంకొకరి మోసం గురించి మాట్లాడే మొహమా తనది?

మూడు దాటింది. మబ్బు కమ్ముకొస్తోంది. అక్క రెండు వేళ్ళకు కట్టు ఉంది కాబట్టి అద్దం నొక్కి పట్టుకునే పని డాక్టరుకే పడింది. అతను బీడింగ్‌ను అద్దం చుట్టూ తొడిగి, దాని గాడిలో నైలాన్ తాడు చుట్టూ తిప్పి, కొసలు బండి లోపలికి వదిలాడు. లోపల ఒకరు తాడు లాగుతుంటే పెదవిలా ఉండే రబ్బరు అంచు ఫ్రేమ్ మీదికి ఎక్కుతుంది. అదే చోట బయట నుంచి ఒకరు అరచేతులతో నొక్కాలి. ఏ ఒక్కరు తొందరపడినా అద్దం పోతుంది. ఇంకో అద్దం లేదు.

"నేను లాగిన చోటే నొక్కండి. నాకంటే ముందు వద్దు, వెనకా వద్దు" అన్నాడు.

కింది అంచు పట్టింది. కుడి పక్క, ఎడమ పక్క పట్టాయి. ఆమె మొహం అద్దానికి అవతల బెత్తెడు దూరంలో ఉంది, కళ్ళు మాత్రం అతని చేతుల మీదే. పై అంచు సగం అయింది. చివరి మూల మిగిలింది. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆగారేం?"

"ఈ అద్దం నా వల్లే పగిలింది" అన్నాడు. మొదలుపెట్టాక ఇంక ఆపలేదు. రబ్బరు సంగతి, సీలెంట్ సంగతి, అరగంట సంగతి, అన్నీ చెప్పేశాడు.

ఆమె చేతులు అద్దం మీదే ఉన్నాయి. వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి.

"నేను చేతులు తియ్యలేనని చూసుకునే ఇప్పుడు చెప్తున్నారా?"

"అవును. తియ్యగలిగితే వినకుండా వెళ్ళిపోతారని భయం."

"మార్చాలని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"మారిస్తే కారదు కదా. మీరు రారు."

షెడ్డు లోపల అక్క స్పానర్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. డాక్టరు చూపు అతని చేతుల మీది నుంచి అతని మొహానికి మళ్ళింది. ఆ చూపులో ఏముందో అతనికి అంతుపట్టలేదు.

"లాగండి" అంది.

లాగాడు. చివరి మూల అంచెక్కి కూర్చుంది. అద్దం నిలిచింది.

ఆమె లోపల కూర్చుంటే అతను బయట నుంచి పైపుతో నీళ్ళు కొట్టాడు. ఆమె అంచు పొడుగునా వేలు రాసి, పొడి వేలు చూపించింది. ఒక్క చుక్క లేదు. చేసిన పని బాగా కుదిరినందుకు అతను ఏడవాల్సిన రోజు కూడా వచ్చింది.

ఆమె తాళం పెట్టింది గానీ తిప్పలేదు. అతను తలుపు దగ్గరకు వెళ్ళాడు. ఇదే ఆఖరి మాట అయినా పరవాలేదు, ఇంకో అబద్ధం మిగలకూడదు అనుకున్నాడు.

"బీడింగ్ అమ్మినవాడు మిమ్మల్ని మోసం చేశాడు. ఆ మడతలు నిన్నా మొన్నటివి కావు. కనీసం రెండు నెలలు అలా పడి ఉంటేగాని పడవు."

ఆమె స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరూ మోసం చెయ్యలేదు. నీ దగ్గరకు రెండోసారి వచ్చేముందే కొన్నాను. రబ్బరు మార్చాలని బాబాయి చెప్పాడు. అప్పటి నుంచీ అది వెనక సీటు కిందే ఉంది."

"మరి ఇవ్వలేదేం?"

"మారిస్తే కారదు కదా" అంది.

అతనికి ముందు వినబడింది "నీ దగ్గరకు" అన్న మాట. మిగతాది తర్వాత మెల్లగా అర్థమైంది. పేరు ఊరికే రాలేదు.

"నిన్న కొండ మీద నన్ను నేనే తిట్టుకున్నాను. పొద్దున నిన్ను చూడగానే ఆ కోపమంతా నీ మీదికి మళ్ళింది" అంది ఆమె. ఇప్పుడు అతని వైపు తిరిగింది. "నువ్వంటే నాకు ఇష్టం. ఇంకోసారి నీళ్ళు కారేదాకా ఆగి చెప్పే ఓపిక లేదు."

తనకూ ఇష్టమేనని చెప్పాడు. మూడు నెలల నిదానం తర్వాత ఆ ఒక్కటీ వెంటనే చెప్పాడు. అంతలో వాన మొదలైంది. ఇద్దరూ అలవాటుగా అద్దం పై అంచు వైపు చూశారు. పొడిగానే ఉంది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దొందూ దొందే" అంది. "సరే, కొత్త రబ్బరు సర్దుకోవడానికి వారం పడుతుంది. ఆదివారం ఎవరో ఒకరు కొండ దాటి వెళ్ళి చూసి రావాలి."

తను వెళ్తానంటూ అతను గోడకు వేలాడుతున్న పనిముట్ల సంచీ అందుకోబోయాడు.

"సంచీ ఇక్కడే ఉండనీ. మళ్ళీ ఏం ఊడదీస్తావో" అంది అక్క.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలు ఉండగా జీపు మెల్లగా రోడ్డెక్కి, మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టింది.