మూసినా తెరుచుకునే మాటలు

ఆ స్టూడియోలో లోపలి గది అంటే పనిచేసేవాళ్ళెవరికీ సరిపడదు.

బయటి గదిలో కంప్యూటరూ స్పీకర్లూ. మధ్యలో దళసరి అద్దం. అద్దం అవతల గోడల నిండా స్పాంజి కొట్టిన చిన్న గది, అందులో ఒక మైకు, ఒక స్టూలు. తలుపేస్తే మన గుండె చప్పుడు మనకే వినబడుతుంది. చీకటి పడ్డాక అందులో ఒంటరిగా కూర్చోమంటే డబ్బింగ్ చెప్పేవాళ్ళు ఏదో ఒక వంక పెట్టి జారుకుంటారు. తుడవడానికొచ్చే ఆవిడైతే, "పగలైతే తుడుస్తానయ్యా. సాయంత్రం మాత్రం నా వల్ల కాదు," అని తెగేసి చెప్పేసింది.

ఊరికే వచ్చిన చెడ్డపేరు కాదది. అక్కడివాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేది ఇదీ...

స్టూడియో ఓనర్ని అందరూ సైలెన్స్ బాబు అనేవాళ్ళు. రోజంతా "సైలెన్స్!" అని అరిచేది అక్కడ ఆయనొక్కడే మరి.

ఆ స్టూడియోకి ఇంత పేరొచ్చిందంటే అక్క వల్లే. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పేది ఆవిడే, సబ్బు ప్రకటనలో నురగ గురించి మురిసిపోయేదీ ఆవిడే. అక్క "జాగ్రత్త" అందంటే, ఎవరో మన భుజం మీద చెయ్యి వేసినట్టుండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు. హాస్టల్లో ఉండి నర్సు చదువుతోంది.

అలాంటి అక్కకి గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు. చెయ్యకపోతే మనిషే దక్కదన్నారు.

అప్పుడు అక్క సైలెన్స్ బాబుని ఒకే ఒక్కటి అడిగింది.

"పనైపోయాక రోజూ కాసేపు ఈ గది నాకివ్వండి. మా పిల్ల కోసం నాలుగు మాటలు రికార్డు చేసుకుంటాను. నా మాట పోయాక, వాటిని దానికి ఇచ్చేయండి. అంతే."

"అదెంత మాటక్కా!" అన్నాడాయన.

రోజూ సాయంత్రం అక్క ఆ స్టూలు మీద కూర్చునేది. జ్వరమొస్తే ఏం చెయ్యాలో చెప్పేది. మొదటిసారి ఉద్యోగానికి వెళ్ళే రోజు అద్దంలో చూసుకుంటూ ఏమనుకోవాలో చెప్పేది. ఎవరూ లేరనిపించిన రాత్రి కోసం ఒకటి చెప్పింది... అది చెబుతూ మధ్యలో చాలాసేపు ఆగిపోయింది.

ఆపరేషన్ బల్ల మీంచి అక్క లేవలేదు.

సైలెన్స్ బాబు ఆ మాటలు పిల్లకి ఇచ్చాడా అంటే — ఇవ్వలేదు. సరిగ్గా అప్పుడే దోమల మందు కంపెనీవాళ్ళు వచ్చారు. ఆ గొంతే కావాలని పట్టుబట్టారు. అక్క లేదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "ఇస్తాను," అన్నాడు. అందరూ వెళ్ళిపోయాక తలుపు గడియపెట్టుకుని, తల్లి కూతురికి చెప్పుకున్న మాటల్లోంచి తనకి కావలసిన ముక్క కోసుకున్నాడు.

"నేనున్నానుగా బుజ్జమ్మా... కళ్ళు మూసుకుని పడుకో."

వెనకాల కాస్త సంగీతం. చివర్లో మందు పేరు.

ఆ పిల్ల సరుకుల కొట్లో నిలబడి ఉండగా టీవీలో వచ్చిందది. చేతిలో సంచి అక్కడే వదిలేసి, నేరుగా స్టూడియోకి వచ్చేసింది.

"అంకుల్, అది మా అమ్మ నాతో అన్న మాట."

"నీతో అనడమేంటమ్మాయ్? ప్రకటన కోసం చెప్పింది."

"బుజ్జమ్మా అని నన్నొక్కదాన్నే అంటుంది. మిగతావి కూడా మీ దగ్గరున్నాయని అమ్మ చెప్పింది. ఇచ్చేయండి అంకుల్... మీకు దణ్ణం పెడతాను."

"ఉంటే ఇవ్వనా? డిస్కు పాడైపోయింది. అన్నీ పోయాయి."

ఆ పిల్ల అద్దంలోంచి లోపలి గదిని చాలాసేపు చూసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చాలా మెల్లిగా —

"మా అమ్మ ఊరుకోదు," అంది.

ఆ మాట ఆయన పట్టించుకోలేదు. పట్టించుకుంటే బాగుండేది.

ఆ మర్నాడే సైలెన్స్ బాబు బావమరిది వచ్చి కంప్యూటర్లో కొత్త సిస్టం ఎక్కించాడు. కంప్యూటర్ల రిపేరే అతని పని. సాయంత్రానికి అంతా కొత్తగా, తళతళా కనబడింది.

రాత్రి అందరూ వెళ్ళాక ఆయన మళ్ళీ కూర్చున్నాడు. దోమల మందువాళ్ళకి ఇంకో ప్రకటన కావాలి. అక్క మాటలు తెరిచి, రెండు ముక్కలు కోసి, అన్నీ మూసేసి, కంప్యూటర్ ఆపాడు. చెయ్యాల్సిన పని ఒకటి గుర్తొచ్చి మళ్ళీ ఆన్ చేశాడు.

తెర వెలిగింది. తను ఏదీ నొక్కలేదు... అక్క మాటల విండో దానంతటదే తెరుచుకుంది. దాని పక్కన ఇంకోటి. దాని మీద మరొకటి.

మూశాడు. ఆపాడు. ఆన్ చేశాడు.

మళ్ళీ అవే.

ఈసారి స్పీకర్లోంచి ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత గుసగుసగా —

"అదిగో... అద్దం అవతల నిలబడ్డాడు. మన మాటలు వింటున్నాడు."

సైలెన్స్ బాబు ఉన్నది అద్దం ముందే. వెనక్కి తగ్గబోయి కుర్చీలోంచి పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది ఆవులిస్తూ వచ్చాడు. విషయం విని పగలబడి నవ్వాడు.

"బావా, దెయ్యాలకి కంప్యూటర్లెందుకు? కొత్త సిస్టం ఎక్కిస్తే పాత సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. కిందటిసారి నువ్వేం తెరిచి పెట్టుకున్నావో గుర్తుపెట్టుకుని, ఆన్ చెయ్యగానే అవే మళ్ళీ తెరుస్తుంది. ఆపిన చోటి నుంచి వినిపిస్తుంది కూడా. నీకు పని తగ్గుతుందని అలా పెట్టారు."

"నాకేం తగ్గక్కర్లేదు. ఆపెయ్."

"ఇదిగో చూడు. సెట్టింగుల్లోకి వెళ్ళి... ప్రోగ్రాం మూసినప్పుడు దాని విండోలు కూడా మూసెయ్యమని ఇక్కడ టిక్కు పెట్టాలి. కంప్యూటర్ ఆపేటప్పుడు, మళ్ళీ వచ్చాక ఇవన్నీ తెరవమంటావా అని అడుగుతుంది చూశావా? అక్కడ టిక్కు తీసెయ్యాలి. అయిపోయింది."

"మరి... అద్దం అవతల నిలబడ్డాడు అంది?"

"ఆవిడ చెప్పేటప్పుడు నువ్వు నిలబడలేదూ?"

సైలెన్స్ బాబు నిలబడ్డ మాట నిజమే. రోజూ నిలబడ్డాడు.

బావమరిది కంప్యూటర్ ఆపి ఆన్ చేశాడు. తెర ఖాళీగా ఉంది. ఒక్క విండో లేదు. "పడుకో బావా. ఇంట్లో మా అక్కయ్యకి చెబితే రేపటి దాకా నవ్వుతుంది," అని బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

భయం పోయిందేమో, ఆయనకి కోపమొచ్చింది. ఒక చచ్చిపోయిన మనిషి తనని కుర్చీలోంచి పడేస్తుందా?

"నీ సంగతి చూస్తానుండు," అన్నాడు పైకే.

కోసుకున్న ముక్కలు ఎలాగూ తన దగ్గరున్నాయి. మిగతావెందుకు? జ్వరం రోజు మాటలు చెరిపేశాడు. ఉద్యోగం రోజు మాటలు చెరిపేశాడు. ఎవరూ లేరనిపించిన రాత్రి మాటలు — వేలు ఒక్క క్షణం ఆగింది — అవీ చెరిపేశాడు. కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా ఊడ్చేశాడు.

"ఇప్పుడు తెరుచుకో... చూస్తాను!"

కంప్యూటర్ ఆపాడు. తెర నల్లబడింది.

అద్దం అవతల, లోపలి గదిలో... రికార్డింగ్ లైటు ఎర్రగా వెలిగింది.

తనే ఆర్పడం మర్చిపోయాడనుకున్నాడు. లోపలికి వెళ్ళాడు. స్విచ్ నొక్కాడు. లైటు ఆరలేదు.

వెనకాల తలుపు మెత్తగా మూసుకుంది.

లాగాడు. తన్నాడు. భుజంతో గుద్దాడు. స్పాంజి గోడలు ఆ చప్పుడంతా మింగేశాయి. బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్! తలుపు గడియ పడిపోయిందిరా! వెనక్కి రా!"

అవతల బావమరిది తడబడ్డాడు.

"...ఎవరండీ? బావ ఫోన్లోంచి మాట్లాడుతున్నారేంటి?"

"నేనేరా!"

"అన్నం తిన్నావా అని నన్ను అడుగుతారేంటమ్మా? మీకెవరు కావాలి?"

బావమరిది ఫోన్ పెట్టేశాడు. సైలెన్స్ బాబు భార్యకి చేశాడు. పేరు పెట్టి పిలిచాడు. ఏడ్చాడు.

భార్య నిద్రమత్తులో, "రాంగ్ నంబరమ్మా," అంది. "మా ఇంట్లో బుజ్జమ్మ అంటూ ఎవరూ లేరు."

ఆయన చేతిలో ఫోన్ చల్లబడిపోయింది. తన నోట్లోంచి వెళ్తున్నది తన గొంతే. తన చెవులకి తన అరుపే వినిపిస్తోంది. కానీ అవతలికి చేరుతున్నది...

ఫోన్ దానంతటదే ఎవరికో కలిసింది. రింగ్ అయింది. ఎత్తారు.

"హలో?"

హాస్టల్ పిల్ల.

"అమ్మాయ్! నన్ను కాపాడు! స్టూడియోలో ఇరుక్కుపోయాను. ఎవరికైనా చెప్పు!"

అవతల్నుంచి సన్నగా —

"అమ్మా?"

"అమ్మ కాదు! నేను! తప్పయిపోయింది, నన్ను వదిలెయ్!"

"జ్వరం తగ్గిందమ్మా... మొన్న వచ్చింది. నువ్వు చెప్పినట్టే తడిగుడ్డ వేసుకుంటాను, ఇక నుంచి..."

"పెట్టెయ్! ఫోన్ పెట్టెయ్!"

"వద్దమ్మా, పెట్టెయ్యకు. ఇంకా చెప్పు."

ఆయన ఫోన్ విసిరెయ్యాలనుకున్నాడు. వేళ్ళు విడివడలేదు. నోరు మూసుకోవాలనుకున్నాడు. మూసిన నోరు మళ్ళీ తెరుచుకుంది. అరిచాడు, తిట్టాడు, వేడుకున్నాడు. అవతల ఆ పిల్ల ఏడుస్తూ, మధ్యమధ్య నవ్వుతూ, ఊఁ కొడుతూ వింటూనే ఉంది. అద్దం అవతల ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తాడు. చీకటి... ఆ చీకటి కాస్త ముందుకి వంగింది. వింటున్నట్టు.

తెల్లారి బావమరిది వచ్చి లాగితే తలుపు ఇట్టే వచ్చేసింది.

సైలెన్స్ బాబు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నోరు కదులుతోంది. గాలి తప్ప ఏమీ రావడంలేదు. చెవి దగ్గర ఫోన్ ఇంకా కలిసే ఉంది.

"బావా! ఏమైంది? ఎవరితో మాట్లాడుతున్నావు?"

బావమరిది ఆ ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కాడు. లోపలి గది నిండా ఆ పిల్ల గొంతు పలికింది. ప్రశాంతంగా, చాలా మెల్లిగా —

"నాకు చెప్పాల్సినవన్నీ చెప్పేశావు కదమ్మా... ఇక చాలు. ఆయన గొంతు మాత్రం ఆయనకి తిరిగివ్వకు."