ప్రెషర్ లిమిట్ నలభై

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ప్రోగ్రామర్ గొంతు తెగి, గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు.

"గ్యాస్ ఫ్యాక్టరీ వాల్వుల సాఫ్ట్‌వేర్ రాసింది ఇతనే. అందులో విదేశీ ముఠా వేలుపెట్టింది," అన్నాడు చీఫ్. "ఫ్యాక్టరీ ఈ ఉదయమే స్టార్టవుతోంది. ట్యాంకులు పేలితే ఊరు ఊరంతా పోతుంది. బయల్దేరు."

ఏజెంట్ ముంగిస చాలాకాలం ప్రోగ్రామర్ వేషంలో పనిచేసినవాడు. ఈసారి మెకానిక్ వేషంలో కంట్రోల్ రూం చేరాడు. తలుపు దగ్గరున్న ముఠా కాపలావాడి మెడ ఒక్క మెలికతో విరిచి లోపలికి లాగాడు.

"వానొచ్చేలా ఉంది," కోడ్ మాట అంది లోపల స్క్రీన్ ముందున్న ఎర్ర లిప్‌స్టిక్ అమ్మాయి.

"గొడుగు మర్చిపోయాను," అని జవాబు కోడ్ చెప్పాడు ముంగిస.

ఆమె ఏజెంట్ నెమలి. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఒకప్పుడు అతని భుజంలోంచి తూటా తీసి కట్టు కట్టిన మనిషి.

"అన్ని వాల్వులకీ కలిపి ఒకటే ఉమ్మడి అంకె, ప్రెషర్ లిమిట్ అనే స్టాటిక్ వేరియబుల్," అంది స్క్రీన్ చూపిస్తూ. "ఒత్తిడి ఆ అంకె దాటితేనే వాల్వులు తెరుచుకుంటాయి. ఇదిగో, నలభై అని ఉంది. ముప్పై చేసెయ్, ముందే తెరుచుకుంటాయి. ఫైలంతా చదివాను, ఇంకేం లేదు."

ముంగిస అలవాటుగా కిందికి జరిపాడు. అట్టడుగున ఒక స్టాటిక్ బ్లాక్, విడిగా కొన్ని కోడ్ వరుసలు. అందులో లిమిట్ నాలుగొందలు!

క్లాస్, అంటే ఈ కోడ్, లోడవగానే పైనున్న అంకె, కింది బ్లాక్ రాసిన వరుసలోనే నడుస్తాయి. పైన ఏ అంకె పెట్టినా కింది బ్లాక్ చెరిపేసి నాలుగొందలు పెడుతుంది; ఒత్తిడి అంత చేరేలోపే ట్యాంకులు పేలతాయి. ఫైలంతా చదివినదానికి ఇది కనబడలేదా?

"వాళ్ళకి అమ్ముడుపోయి ఎన్నాళ్ళయింది?"

జవాబుగా ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం తుపాకీలా పేలింది. తూటా అతని చెవి తమ్మెను ఎగరగొట్టింది. ఆమె మళ్ళీ గురిపెట్టేలోగా స్క్రూడ్రైవర్‌తో ఆ అరచేతిని బల్లకు దిగ్గొట్టాడు. ఒకనాడు కట్టు కట్టిన చెయ్యే. ఆమె కేక విని లోపలికి దూకిన ఇంకో కాపలావాడి కణత పగిలేలా స్పానర్ దింపాడు. వాడు మళ్ళీ లేవలేదు.

"స్టార్ట్ చేస్తున్నాం," అంది స్పీకర్.

నెత్తురంటిన వేళ్ళతో బ్లాక్ మొత్తం చెరిపేసి, మార్చిన ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ బటన్ నొక్కాడు. అది పూర్తయిన మరుక్షణమే క్లాస్ లోడయింది. ప్రెషర్ మీటరు ముల్లు ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై దాటింది. వాల్వులు బుస్సుమని తెరుచుకున్నాయి.

"బతికే ఉన్నావా?" ఫోన్‌లో చీఫ్.

"ఆ, సర్. ఆ బ్లాక్ నెత్తిన వాళ్ళు 'ఇది ప్రమాదం, ముట్టుకోవద్దు' అని గమనికగా కామెంట్ కూడా రాశారు. ప్రోగ్రామర్లు కామెంట్లు చదవరని ఎంత నమ్మకమో!"