ఊదా రంగు శాలువా

డిటెక్టివ్ అత్తీలియో బ్రండాని థియేటర్ ఆఫీసు గదిలోకి వచ్చేసరికి ఎర్సీలియా మొర్వాంతి అటూ ఇటూ పచార్లు చేస్తోంది. పార్మా ఒపేరా వేదికను ముప్పయ్యేళ్ళు ఏలిన గాయని ఆమె. ఆదివారం చివరిసారి పాడి సెలవు తీసుకోవాలి.

"నేనిక పాడనండి," అంటూ కాగితం పొట్లం బల్ల మీద పడేసింది. "నా మేకప్ గదిలో, సూపు గిన్నె పక్కన పెట్టారెవరో."

పొట్లంలో ఊదా రంగు ఉన్ని శాలువా. తాకబోయిన బ్రండాని సహాయకురాలు నెల్లా, ఎర్సీలియా కేకకి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఊదా పూలంటే ఊరంతటికీ ముద్దే కానీ, థియేటర్ గడప లోపల ఆ రంగు చావు కబురు.

"ఎవరి మీద అనుమానం?"

"ఎవరి మీద లేదనమంటారు? తోటి గాయకుడు కొర్రాదోకి నేనంటే కడుపుమంట. బట్టలు తొడిగే జిల్దాని మొన్ననే తిట్టాను. నాకెవరున్నారండీ!"

"ఇంట్లో?"

"చెల్లెలు దెల్ఫీనా. వంట చేస్తుంది," అంది, కుర్చీనో బల్లనో చూపించినట్టు.

బ్రండాని శాలువాను తడిమాడు. చేతి అల్లిక. మెడ దగ్గర మాత్రం రెండు పొరలు.

థియేటర్ కాపలా ముసలాయన నిక్కచ్చిగా చెప్పాడు. "బయటివాళ్ళెవరూ రాలేదు బాబూ. సూపు బుట్ట ఒక్కటే వచ్చింది. దెల్ఫీనమ్మ గుమ్మంలోనే ఇచ్చేసి పోతుంది, ముప్పయ్యేళ్ళుగా అంతే. అందులో ఉన్నవి నేనే లోపల సర్దుతాను."

సాయంత్రం అక్కాచెల్లెళ్ళనీ, కొర్రాదోనీ, జిల్దానీ మేకప్ గదిలో కూర్చోబెట్టాడు బ్రండాని.

"ఆ రంగు ముట్టుకుంటే నా గొంతే పోతుంది!" కొర్రాదో మండిపడ్డాడు. "పగే ఉంటే జనంతో గేలి ఈలలేయించి గోల చేయించనా?"

"నేనైతే ఆవిడ గౌను నడుం దగ్గర సూది మరిచిపోయేదాన్ని," అంది జిల్దా.

"సరిగ్గా చెప్పారు," అన్నాడు బ్రండాని. "థియేటర్ మనిషెవరూ ఈ రంగు నెలల తరబడి ఒళ్ళో పెట్టుకుని అల్లరు. భయపెట్టడానికి రిబ్బను ముక్క చాలు. గొంతుకు చలి తగలకుండా రెండు పొరలు అల్లడమెందుకు? ఈ ఆచారం తెలియని మనిషి, ఎర్సీలియా గారి గొంతు కోసం బెంగపడే మనిషి, బుట్టలో పెట్టి పంపింది."

దెల్ఫీనా తల వంచుకుంది. "నేనిచ్చానంటే వేసుకోవని చెప్పలేదక్కా. మనూరి పూల రంగు కదా అనుకున్నా. ఒక్కసారైనా లోపలికి తీసుకొచ్చి ఉంటే నాకూ తెలిసేది."

ఎర్సీలియాకు సిగ్గేసింది. తనకెవరూ లేరని కుమిలిన ఇన్నేళ్ళూ ఈ మనిషి వంటింట్లోనే ఉంది.

"ఆదివారం పాడతానే. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి."

"కూర్చుంటా. కానీ వినపడదక్కా. దగ్గరి మాటలు తప్ప వినిపించక నాలుగేళ్ళయింది. నువ్వెప్పుడూ అడగలేదు."

జిల్దా కళ్ళు తుడుచుకుంటూ కొర్రాదోను బయటికి లాక్కుపోయింది. బ్రండాని, నెల్లా వాళ్ళ వెనకే నడిచారు. ఎర్సీలియా కుర్చీ జరుపుకుని, చెల్లెలి చెవి దగ్గర వంగి, ఆదివారం పాడాల్సిన పాట మొదటినుంచీ పాడింది.