రెండేళ్ళ బొట్టు

హిందూపురంలో బట్టల అంగళ్ళ వీధిలో, మేడ మీద నా పార్లర్. మెట్లు ఇరుకు, బోర్డు చిన్నది, పని మాత్రం శుభ్రం. బెంగళూరులో మూడు నెలలు నేర్చుకొచ్చి, రెండువేల రెండులో సెమీ పర్మనెంట్ మేకప్ మొదలుపెట్టాను. మా చుట్టుపక్కల ఆ పని తెలిసినదాన్ని అప్పటికి నేనొక్కతెనే. కనుబొమలు ఊడిపోయినవాళ్ళు, పెదవుల మీద తెల్లమచ్చలొచ్చి నలుగురిలోకి రావడం మానుకున్నవాళ్ళు వచ్చేవాళ్ళు. పెన్ను లాంటి మిషన్, దాని మొనకు సన్నటి సూది, చర్మం పైపొరలోకి రంగు. అంతే పని. లేచి అద్దం చూసుకుని నా చేతులు పట్టుకుని ఏడ్చినవాళ్ళున్నారు.

అందులోని చెడ్డ కూడా నేను దాచను. ఎవరొచ్చి కూర్చున్నా ముందు అదే చెబుతాను. ఇది పచ్చబొట్టు కాదమ్మా, రెండేళ్ళకు వాడిపోతుంది. అంతలోపల వద్దనుకుంటే మాత్రం తేలిగ్గా పోదు. నల్లరంగు కొందరికి నీలంగా తిరుగుతుంది. ఎర్రరంగు కొందరి ఒంటికి పడక వాస్తుంది. ఇంటికి పోయి ఆలోచించుకుని రేపు రండి అని పంపేస్తాను. నా నోటి దురుసుకు సగం మంది మళ్ళీ రారు. రాకపోతే పోనీ.

ఇవేవీ చెప్పకుండా, రేపు రమ్మనకుండా, ఒక్కరికి పెట్టాను. ఆ ఒక్కతీ నా చెల్లెలు నందిని.

నందినిని చిలమత్తూరు అవతల పల్లెలో ఇచ్చారు. మొగుడు ప్రవీణ్. నవ్వితే కళ్ళు కనపడని మనిషి. మూడేళ్ళుగా వానల్లేవు. చేలో బావి ఎండిపోయింది. నలుగురు మనుషుల్ని పెట్టుకుని, తనూ దిగి, ఆ బావిని ఇంకా లోతుకు తవ్వుతున్నాడు. రోజూ మధ్యాహ్నం నందిని సంగటి తీసుకెళ్ళి గట్టు మీద నిలబడి "నీళ్ళు పడినాయా?" అని అరిచేది. "రేపు పడతాయిలే!" అని అతను లోపల్నించి అరిచేవాడు. నాలుగు నెలలుగా అదే ప్రశ్న, అదే జవాబు. నాకు ఫోనులో చెప్పి నవ్వుకునేది.

ఒక రోజు తూర్పు గట్టు విరిగి పడింది. మిగతావాళ్ళు తాడు పట్టుకుని పైకొచ్చారు. ప్రవీణ్ అడుగున ఉండిపోయాడు.

నాకు మరుసటి రోజు పొద్దున ఫోనొచ్చింది. నందిని గొంతులో ఏడుపు లేదు. "అక్కా, నీ మిషన్ తీసుకోని రా. ఎర్రరంగు కూడా" అని పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి ఊరంతా బావి దగ్గరుంది. ఇంట్లో నందిని ఒక్కతే, తలుపు దగ్గరగా వేసుకుని, నుదుటి కుంకుమ కడిగేసుకుని కూర్చుంది.

"మన్ను తీస్తాండారు. లోపల్నించి దగ్గు ఇనపడిందని లక్ష్మన్న చెప్పినాడు" అంది. లక్ష్మన్న వాళ్ళ పక్క చేను మనిషి. "ఆయన బతికే ఉండాడక్కా. నాకు ఎవరూ తుడపలేని బొట్టు పెట్టు. నా బొట్టు ఉన్నంతసేపు ఆయనకేమీ కాదు."

"నందూ, బొట్టుకూ దానికీ ఏమి సంబంధమే..."

"నువ్వు పెట్టకపోతే సూది నేనే పొడుచుకుంటా."

ఆ కళ్ళు చూసి భయపడ్డాను. చదువుకున్నదాన్ని, పని తెలిసినదాన్ని, వద్దని చెంప మీద ఒక్కటి కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. దాని ఆశ నాకూ అంటుకుంది. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము పూసే ఓపిక కూడా ఇద్దరికీ లేదు. బ్యాటరీ మిషన్ తీసి, దాని నుదుటి మీద చిన్న గుండ్రం గీసి, మొదలుపెట్టాను. అది కదల్లేదు. కన్నీరు పెట్టలేదు. మిషన్ తేనెటీగలా రొద చేస్తోంది. రంగూ, రక్తమూ కలిసి ఒకటే ఎరుపు. గుండ్రం నిండి చివరి చుక్క పొడిచి సూది తీశానో లేదో, బావి వైపునుంచి ఒక్కసారిగా కేక.

ఆ తర్వాత ఊరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంతోనే మాకు అర్థమయింది.

శవానికి స్నానం చేయించిన కుళ్ళాయప్ప తర్వాత చెప్పాడు. నోటినిండా మన్ను ఉందట. బావిలో ఎక్కడా చెమ్మ లేదు గానీ ఆ నోట్లో మన్ను మాత్రం తడిగా ఉందట. ఒళ్ళు కొయ్యబారి ఉంది, నిన్ననే పోయినాడు అన్నాడు. అంటే, నేను నందినికి బొట్టు పెట్టేటప్పటికి అతను పోయి ఒక రాత్రి గడిచిపోయింది.

పదకొండో రోజు ముత్తైదువతనం తీసేటప్పుడు ఆడవాళ్ళు గాజులు పగలగొట్టి నుదురు తుడిచారు. పోలేదు. నూనె పెట్టి తుడిచారు. బూడిద వేసి రుద్దారు. చర్మం లేచిపోయి రక్తం వచ్చింది కానీ ఆ ఎరుపు అక్కడే ఉంది. నేను అడ్డం పడి వాళ్ళ చేతులు లాగేశాను. నందిని అత్త సుబ్బలక్ష్మమ్మ తిట్టలేదు. గోడకు ఆనుకుని మెల్లగా అంది:

"ఎంత పని చేసినావమ్మా వనజాక్షీ. చచ్చినోళ్ళకు నగలు తీస్తాము, గుడ్డలు తీస్తాము. ఒంటిలోకి పొడిపించుకున్న బొట్టొక్కటే తోడు పోయేది. పోయినోని పేరు మీద బతికుండేదానికి పొడిచినావు. వాడు యాడికి పోతాడు ఇంక?"

ముసలావిడ దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. నందినిని నాతో హిందూపురం తెచ్చుకున్నాను. పార్లర్ వెనక గదే మా ఇల్లు.

నెల తిరిగింది. రెండువేల మూడు, మే నెల మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయి, వీధంతా తలుపులు మూసుకుని పడుకుంది. నేను పార్లర్లో బెంచీ మీద ఒరిగాను. కునుకు పట్టబోతుండగా వాసన వచ్చింది. తడి మన్ను వాసన.

మా నేల మీద పుట్టినవాళ్ళకు ఆ వాసనంటే ప్రాణం. మూడేళ్ళుగా దానికోసం ఊళ్ళకు ఊళ్ళు ముఖం ఎత్తి చూస్తున్నాయి. వాన! అని లేచి కిటికీ తెరిచాను. ఆకాశం తెల్లగా కాలిపోతోంది. కింద కుళాయి దగ్గర బిందెలు వరసగా, ఖాళీగా ఉన్నాయి. ఎక్కడా చుక్క లేదు.

వాసన బయటనుంచి కాదు.

వెనక గదిలోంచి చిన్న చప్పుడు. ఎవరో పిడికెడు మన్ను నేల మీద జారవిడిచినట్టు. మళ్ళీ ఒకసారి... మళ్ళీ...

తలుపు తోశాను. నందిని గోడ వైపు తిరిగి కూర్చుని తల అడ్డంగా ఊపుతోంది.

"ఎవరికి తల ఊపతాండావే?"

"మెల్లగా అక్కా" అంది గుసగుసగా. "ఆయన వచ్చినాడు. రోజూ ఇదే పొద్దుకు వస్తాడు."

"ఏమంటాడు?"

"నీళ్ళు పడినాయా అని అడుగుతాడు. ఇంకా లేదంటే పోతాడు."

"పడినాయని చెప్తే?"

నందిని అప్పుడు నా వైపు తిరిగింది. నుదుటి మీద ఆ గుండ్రం అప్పుడే పెట్టినట్టు మెరుస్తోంది. "చెప్తే చూసేకి పోదాం రమ్మంటాడు. నన్ను పిలుచుకోని పోతాడక్కా. నాకు పోవాలని లేదు. నాకు భయంగా ఉండాది. దీన్ని తీసెయ్యి."

అంతలో నాకూ వినిపించింది. గోడ దగ్గర, మోకాలెత్తులో. నోటినిండా ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు... ముద్దగా... మెల్లగా...

"నీళ్ళు... పడినాయా..."

"లేదు!" అని అరిచాను నేనే. చప్పుడు ఆగింది. వాసన పోయింది. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది.

ఆ రోజునుంచి నా బతుకు ఒకటే పని. ఆ బొట్టు తీయడం. లేజరుకని బెంగళూరు తీసుకెళితే, ఎరుపు నల్లగా మారి నిలిచిపోవచ్చు అని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇక మిగిలింది ఉప్పునీళ్ళు. అదే మిషన్‌తో, అదే చోట, రంగుకు బదులు ఉప్పునీళ్ళు పొడవాలి. పొక్కు కట్టి రాలితే కొంచెం రంగు రాలుతుంది. గాయం మానాలంటే నెలన్నర ఆగాలి. మళ్ళీ పొడవాలి. పొడిచిన ప్రతిసారీ నందిని నా చీర కొంగు నోట్లో కుక్కుకునేది. నేను పళ్ళు బిగించి నన్ను నేనే తిట్టుకుంటూ చేసేదాన్ని. ఏ దేవుడికీ ఎప్పుడూ మొక్కనిదాన్ని, కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. నా చెల్లెల్ని నాకు వదిలెయ్యి స్వామీ అని.

రంగు వాడేకొద్దీ అతని రాక పలచబడింది. రోజూ వచ్చేది వారానికొకసారి అయింది. తర్వాత నెలకొకసారి. వాసన తప్ప మాట లేదు. తర్వాత వాసనా లేదు. నందిని పార్లర్లో కనుబొమలు దిద్దడం నేర్చుకుంది. ఒకరోజు ఎవరో కస్టమరు మాటకు పకపకా నవ్వింది. నేను బాత్‌రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

రెండువేల ఐదు ఎండాకాలానికి ఆ బొట్టు కందిపప్పు రంగుకొచ్చింది. దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. ఇంకొక్కసారి పొడిస్తే ఆఖరు. "గార్లదిన్నెలో పెళ్ళికూతురి మేకప్ ఉంది, ఆదివారం పోయి సోమవారం వస్తా. మంగళవారం పని ముగించేద్దాం" అన్నాను. నందిని తల ఊపింది. మిషన్, సూదులు, రంగు సీసాలు అన్నీ ఉన్న పెట్టె నాతోనే తీసుకెళ్ళాను. నేను లేనప్పుడు ఆ సామాను దాని దగ్గర ఉంచడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. పెట్టెకు తాళం, తాళంచెవి నా మెడలో.

సోమవారం మధ్యాహ్నం తిరిగొచ్చాను. నందిని తలుపు తీసింది. ముఖంలో ఏదో ప్రశాంతత.

నుదుటి మీద ఎర్రటి గుండ్రం. కొత్తది. అంచులు వాచి, ఇంకా సన్నగా రక్తం ఊరుతోంది.

నా చేతిలోని పెట్టె నేల మీద పడింది. "ఎవరు పెట్టినారే ఇది? ఎవరు?"

నందిని వింతగా చూసింది. "అదేందక్కా, నువ్వే గదా నిన్న మధ్యాహ్నం వచ్చి పెట్టి పోయినావు."

"నేను గార్లదిన్నెలో ఉండా నిన్న!"

"నువ్వేనక్కా. ఆఖరు సారి కండ్లు మూసుకో అంటివి. ఉప్పునీళ్ళే అనుకుంటి. నీ చేతులు చల్లగా ఉండె. ఈసారి లోతుగా పొడిచినా, రెండేండ్లకు పోదులే అని చెప్పినావు. అట్ల ఎందుకు చూస్తావు? నాకు భయమైతాండాది."

మోకాళ్ళ మీద కూర్చుని, మెడలోని తాళంచెవి తీసి పెట్టె తెరిచాను. తాళం తెరిచిన గుర్తు లేదు. సూదులు వేటి కాగితంలో అవి ఉన్నాయి. మిషన్ పొడిగా ఉంది. అన్నిటికింద ఆ రోజు తర్వాత నేను ముట్టని ఎర్రరంగు సీసా.

బస్సులో ఐదు గంటలు ఎండలో కాగిన పెట్టె అది. సీసా మాత్రం ముట్టుకుంటే చల్లగా ఉంది. వెలుతురుకు ఎత్తి చూశాను. రంగు లేదు. మూతివరకూ తేటనీళ్ళు. అడుగున గోరంత ఎర్రమన్ను తేరుకుని ఉంది.

నందిని నా పక్కన కూర్చుని, సీసా నా చేతిలోంచి తీసుకుంది. మూత తీసి వాసన చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. దాని ముఖంలో భయం పోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"తియ్యగా ఉండాయక్కా" అంది.

ఫ్యాను ఆగింది. వెనక గదిలో పిడికెడు మన్ను జారింది. మళ్ళీ... మళ్ళీ... ఈసారి చప్పుడు గోడ దగ్గర ఆగలేదు, గుమ్మం దాకా వచ్చింది.

నేను నందిని నోటి మీద చెయ్యి అదిమి పెట్టి గట్టిగా కావిలించుకున్నాను. నా వేళ్ళ సందుల్లోంచి అది మెల్లగా, బతిమాలుతున్నట్టు అడుగుతోంది.

"అడుగుతాండాడక్కా... చెప్పేదా?"