చక్రం వెనక రాయి

నేను పాత కార్లు, లారీల లోహపు బొమ్మలు కొని అమ్ముతాను. పిల్లలు ఆడుకునేవి కాదు. సేకరించేవాళ్లు అద్దాల బీరువాలో దాచుకునేవి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారు కాబట్టి డైకాస్ట్ అంటారు. ఇత్తడి దీపాలు, కట్టె ఆకుల చక్రాలు ఉన్న వందేళ్ల కిందటి బండ్లంటే నాకు మరీ ఇష్టం. హిందూపురంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో ముందు గదే నా అంగడి, గోదాము, ఫోటో స్టూడియో. బీకాం చివరి ఏడాదిలో మొదలుపెట్టాను. రెండేళ్లయింది.

ఈ పనిలో ఉంటే ఏది చూసినా స్కేలే గుర్తొస్తుంది. ఒకటికి యాభై స్కేలు అంటే అసలు బండి బొమ్మకు యాభై రెట్లు. మా నాయన గోవిందప్ప ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు.

"నువ్వు ఈ లారీ పక్కన నిలబడితే ముప్పై మూడు మిల్లీమీటర్లుంటావు నాయనా," అన్నాను ఒకసారి.

"నా బొజ్జ ఎన్ని మిల్లీమీటర్లో అది గూడా చెప్పు," అన్నాడు భుజం మీది ఎర్ర గళ్ల తువ్వాలు దులుపుకుంటూ.

నాయనకు సొంత మినీ లారీ ఉంది. పట్టు నూలు మూటలు వేసుకుని పెనుకొండ మీదుగా ధర్మవరం పోయొస్తుంటాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ధర్మవరంలో ఒక ముసలామె బొమ్మలు అమ్మేస్తోందన్న కబురు తెచ్చింది కూడా ఆయనే.

మే నెలలో ఒక శనివారం నాయన బండిలోనే పోయాను. సందులో అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆడుతున్నాయి. లక్ష్మీనరసమ్మ గారింట్లో మాత్రం చప్పుడు లేదు. ఆమె భర్త తిమ్మరాజు లారీ డ్రైవరు, పోయి ఆరు నెలలయిందట. గూట్లో ముప్పై ఒక్క బొమ్మలున్నాయి. ముప్పై బొమ్మల మీద దుమ్ము. ఒక్క పచ్చ లారీ మాత్రం తళతళలాడుతోంది.

గుండ్రటి దీపాలు, కట్టె బాడీ. 1928 నాటి నమూనా, ఒకటికి యాభై స్కేలు. రంగు మాత్రం చేత్తో వేసింది. ముక్కు గోడ వైపు పెట్టి ఉంది. వెనక చక్రాన్ని ఆనుకుని శనగగింజలో సగం ఉన్న రాయి, తేనెమైనంతో అంటించి ఉంది.

లక్ష్మీనరసమ్మ ఒక్కొక్కటే పేపర్లో చుట్టిచ్చింది. పచ్చ లారీ ఇచ్చేటప్పుడు చెయ్యి వదల్లేదు.

"అన్నీ తుడుచుకో పాపా. దీన్ని మాత్రం ముట్టాకు. యాడ పెట్టినా రాయితోనే పెట్టు."

"సరే అవ్వా," అన్నాను. చేత్తో వేసిన రంగు కదా, రాలిపోతుందని భయపడుతోందనుకున్నాను.

ఆదివారం ఫోటోలు తీశాను. అమ్మకానికి నా సైటులో పెట్టే బొమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుండాలి. మైనం మరక కనిపిస్తే కొనేవాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. పళ్లు కుట్టుకునే పుల్లతో రాయిని లేపేశాను. మైనం గీకి, చక్రం తుడిచి, కొలత తెలిసేలా పక్కన స్టీలు స్కేలు పెట్టి పన్నెండు ఫోటోలు తీసి సైటులో పెట్టాను. రాయితో సహా చెత్తను చీపురుతో బయటికి ఊడ్చేశాను. పచ్చ లారీని అరమీద ముక్కు లోపలికి, తోక బయటికి ఉండేలా నిలబెట్టాను.

సోమవారం సాయంత్రం చూస్తే లారీ ఒక సెంటీమీటరు వెనక్కి వచ్చింది.

రైలు అదురుకు జరిగిందనుకున్నాను. అర వాలుగా ఉందేమోనని ఫోన్‌లో చూస్తే సున్నా డిగ్రీలు. మిగతా ముప్పై బొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మంగళవారం రెండు సెంటీమీటర్లు. బుధవారం నాలుగు. గురువారం మధ్యాహ్నం దాని ముందే కూర్చున్నాను. ఎండకు కిటికీలు మూసి ఉన్నాయి. కరెంటు లేదు. ఫ్యాను ఆగిన గదిలో గడియారం చప్పుడొక్కటే. సరిగ్గా రెండున్నరకు ఎక్కడినుంచో వాసన వచ్చింది. మాడిన బ్రేకు వాసన. దాని వెనకే బీడీ వాసన. మా ఇంట్లో బీడీ తాగేవాళ్లు లేరు.

చక్రాలు కదిలాయి. నింపాదిగా... ఎనిమిది సెంటీమీటర్లు. ఆ సమయంలో రైలేదీ పోలేదు.

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. మొత్తం పదిహేను. చక్రానికీ అర అంచుకూ మధ్య ఇంకా పదహారు ఉంది. శుక్రవారం జరగాల్సింది కూడా పదహారే.

శుక్రవారం రెండుంబావుకు లక్ష్మీనరసమ్మకు ఫోన్ చేశాను. మగ్గాల చప్పుడులో ఆమె గొంతు గుసగుసలా వచ్చింది.

"తీసినావా రాయిని?"

"తీసినాను అవ్వా. ఏముండాది దాంట్లో?"

తలుపు మూసుకున్నట్టుంది, మగ్గాల చప్పుడు తగ్గింది.

"మా ఆయనకు మద్దిలేటి అని క్లీనరుండేవాడు. పెనుకొండ మిట్ట మింద బండి ఆపి, అన్నం తిని, ఎండకు బండి కిందే పండుకున్నాడు. ఆ పొద్దు రాయి నేను పెడతాలే అని చెప్పి మా ఆయన మరిసిపోయినాడు. రెండున్నరప్పుడు బండి ఎనక్కి పోయింది."

"మరి ఈ బొమ్మ..."

"ఆ బండి రంగే ఏసినాడు దానికి. రాయి గూడా ఆ మిట్టదే. దినామూ మద్దేనం ముట్టి చూసుకునేటోడు. రాయి ఉన్నంత వరకూ వాడు నిద్రపోతాండాడులే అనేటోడు. పాపా... మీ నాయన యాడుండాడు?"

ఫోన్ పెట్టేశాను. పొద్దున ధర్మవరానికి లోడు వేసుకుని పోయాడు. దారిలో ఎక్కడ ఆపి అన్నం తింటాడో నాకు తెలుసు.

నాలుగు రింగులు. ఐదు. ఆరో రింగుకు ఎత్తాడు.

"నాయనా, యాడుండావు?"

"పెనుకొండ మిట్ట కాడ. అన్నం తిని బండి కింద ఒరిగినా. ఇంకేడుందమ్మా ఈడ నీడ?"

"చక్రం ఎనక రాయి పెట్టినావా?"

"హ్యాండ్ బ్రేకు ఏసినాలే."

"రాయి పెట్టినావా లేదా?"

"ఏందమ్మా, క్లీనరు పనికి చేరినావా కొత్తగా?" నవ్వాడు.

గదిలో మాడిన వాసన గుప్పుమంది. అరమీద చక్రం తిరిగింది.

"నాయనా, బయటికి రా! ఇప్పుడే రా!"

చూపుడు వేలు చక్రం వెనక పెట్టాను. మూడు వందల గ్రాముల బొమ్మ అది. నేనే తూచాను. కానీ వేలి మీదికి వచ్చింది మూడు వందల గ్రాములు కాదు. గోరు తెల్లబడింది. ఎముక దాకా నొక్కుతోంది. మోచేతిని అర అంచుకు తన్నిపెట్టి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వస్తాండా, అరవాకు. ఉండు, ఈ యప్పను గూడా లేపుతా."

"ఎవర్ని?"

"నా పక్కన ఎవరో పండుకోనుండాడు. వేరే బండాయన గావచ్చు. ఏమప్పా... ఓ అప్పా... లెయ్యి, పాప పిలుస్తాంది."

ఫోన్‌లో కాసేపు గాలి హోరు. తరువాత నిద్రమత్తుగా, దగ్గరగా... ఇంకో గొంతు.

"నువ్వు పో అన్నా. నాకు అలవాటే."

"నాయనా!"

మట్టిలో దేకుతున్న చప్పుడు. దగ్గు. ఇక నా వల్ల కాలేదు. వేలి మీదుగా చక్రం ఎక్కి దిగింది. లారీ అంచు దాటింది. అది నేల మీద పడిన చప్పుడు నాకు వినబడలేదు. ఫోన్‌లోంచి వచ్చిన చప్పుడే వినబడింది. ఇనుము రాళ్ల మీద రాసుకుంటూ పోయిన చప్పుడు. పెద్దగా ఏదో విరిగింది.

తరువాత ఏమీ లేదు.

"నాయనా..."

"ఉండా," అన్నాడు చివరికి. "బయట పడినా. బండి గుంతలోకి పోయింది. పద్మజా... ఆ యప్ప కిందనే ఉండిపోయినాడు."

అరగంట వెతికారట. రోడ్డు మీద పోయే ఇద్దరు కూడా గుంతలోకి దిగి చూశారట. బండి కింద ఎవరూ లేరు. నాయన పడుకున్న చోట మాత్రం మట్టి మీద రెండు ఒళ్ల అచ్చులు పక్కపక్కనే ఉన్నాయట.

పొద్దుగూకే వేళకు ఎవరిదో బండిలో నాయన ఇల్లు చేరాడు. అన్నం వద్దన్నాడు. నా వేలి కట్టు ఒకసారి చూశాడు. ఎర్ర తువ్వాలు మొహం మీద కప్పుకుని పక్క గదిలో పడుకున్నాడు.

నేల మీద పడిన లారీకి గీత కూడా పడలేదు. గడప దగ్గర నాయన చెప్పులు చూశాను. ఒక దాని అడుగున మిట్ట మీది రాయి ఒకటి ఇరుక్కుని ఉంది. పీకి, మైనం రాసి, పచ్చ లారీ చక్రం వెనక అంటించాను. నిమిషం సేపు వేలితో నొక్కి పట్టుకున్నాను. చక్రం కదల్లేదు. అప్పటికి ఊపిరాడింది.

దాన్ని అమ్మకం నుంచి తీసేద్దామని సైటు తెరిచాను. అప్పటికే ఒక మెసేజ్ వచ్చి ఉంది. బెంగళూరు నుంచి చంద్రశేఖర్. నా దగ్గర తరచూ కొనేవాడే.

"మేడమ్, పచ్చ లారీ నాకు కావాలి. ఒక్క డౌటు. కింద పడుకున్న రెండు బొమ్మలు కూడా దాంతో పాటే వస్తాయా?"

ఆదివారం తీసిన ఫోటో అది. పెట్టే ముందు పదిసార్లు చూసుంటాను. బండి కింద ఖాళీగా ఉంది.

తెరిచాను.

వెనక చక్రాల మధ్య నీడలో ఖాకీ చొక్కాతో ఒకడు, అటు తిరిగి. వాడి పక్కనే ఇంకొకరు వెల్లకిలా. మొహం మీద తువ్వాలు. ఎర్ర గళ్లు.

పక్క గదిలోంచి నాయన గురక వినిపిస్తూనే ఉంది.

ఫోటోలో స్టీలు స్కేలు ఆ తువ్వాలు మనిషి పొడవునా పడి ఉంది. పెద్దది చేసి, తల నుంచి పాదం దాకా మిల్లీమీటరు గీతలు లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టాను.

ముప్పై మూడు.