పస్తు పెట్టిన ట్యాంకు

ఉదయం ఎనిమిదిన్నరకి మందుల ఫ్యాక్టరీ శాస్త్రవేత్త తన గదిలో కుర్చీలో కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. ముందున్న కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రచుక్క. చేతి కింద నోట్‌ప్యాడ్ మీద రెండే వాక్యాలున్నాయి: "గుమ్మం ఒక్కటే దారి కాదు. తాతని అడగండి."

తొమ్మిదింటికి ఆ కాగితం ఒక కళ్లద్దాల షాపు వెనకగదిలో చీఫ్ బల్ల మీదికి చేరింది. ఎదురుగా ఏజెంట్ కందిరీగ నిలబడి ఉన్నాడు.

"ఇది గ్రహణం ముఠా పని," అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతలివాళ్లు. ఆ మందుల ఫ్యాక్టరీలో మందు తయారుచేసేది ఈస్ట్ కణాలు. వాటిలోకి విషం తయారుచేసే జన్యువు ఒకటి దూర్చారు."

"అంటే మందు విషమేనా?"

"అదే తేలట్లేదు. కణం కూడా ఒక ఫ్యాక్టరీయే. బయటికి పోవాల్సిన ప్రోటీన్‌కి చిరునామా చీటీ ఉంటుంది. చీటీ చూసి, ప్యాక్ చేసి, ముద్రేసి, గుమ్మం దాటిస్తారు. ఈ విషానికి ఆ చీటీ లేదు. లోపలే పడి ఉండాలి. కణాల్ని వడకట్టి పారేసి, బయటి ద్రవంలోంచి మందు తీస్తారు. కాబట్టి ప్రమాదం లేదనుకున్నాం. చీటీ లేదని నెమలి మూడు రిపోర్టులిచ్చింది."

నెమలి వాళ్ల ఏజెంటే. క్వాలిటీ హెడ్ వేషంలో మూడేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఉంది.

"శాస్త్రవేత్త ఒప్పుకోలేదా?"

"నిన్న ఒప్పుకోలేదు. ఇవాళ లేడు."

"మరి మందు ఆపెయ్యండి."

"ఋజువేదీ? వట్టి అనుమానంతో ఆపితే ఫ్యాక్టరీ మూతపడుతుంది. మళ్లీ మందు రావడానికి నెలలు పడుతుంది. మొదటి సూది ఇవాళ పన్నెండింటికి. లిస్టులో మొదటి పేరు..."

"మా అక్కది. తెలుసు."

డాక్టర్లు అక్కకి వారమే గడువిచ్చారు. అమ్మ పోయాక కందిరీగకి జడ్డితనం వదిలించి మనిషిని చేసింది ఆవిడే. మందు వేస్తే విషం, ఆపితే మరణం. అతనికి భయం వేసింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఇది రెండోసారి.

చీఫ్ ఒక పెన్నూ ఒక వాచీ ముందుకు తోశాడు. "విషం తగిలితే పెన్ను ఊదారంగు తిరుగుతుంది. సీసాల్లో పోసేటప్పుడు మందుకి రంగు కలుపుతారు, అప్పుడిది పనికిరాదు. కణాలు పెరిగే ట్యాంకు దగ్గరే పట్టుకో. వాచీ కీ మూడుసార్లు తిప్పావంటే ఆసుపత్రిలో సూది ఆగుతుంది. ఋజువు చేతికొచ్చాకే తిప్పు."

పదిన్నరకి కాటాలు సరిచూసే ఇన్‌స్పెక్టరొకడు, పొట్టా బట్టతలా తగిలించుకుని, ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. కారిడార్లలో మనుషులు తలలు వంచుకుని నడుస్తున్నారు. శాస్త్రవేత్త గదికి అప్పుడే తాళం పడింది. ఎవరూ దానివైపు చూడట్లేదు.

"వాన వచ్చేలా ఉంది," అందొక గొంతు వెనకనుంచి.

"గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది," అన్నాడు కందిరీగ.

నెమలి నవ్వింది. తెల్లకోటు కింద ఆకుపచ్చ సిల్కు, ఖరీదైన సెంటు. ఆమె నడుస్తుంటే యంత్రాలు కూడా చప్పుడు తగ్గించేలా ఉన్నాయి. అడక్కుండానే ఒకటో ట్యాంకులోంచి శాంపిల్ తీసి చేతికిచ్చింది. పెన్ను ముంచాడు. రంగు మారలేదు.

"చూశావుగా? చిరునామా లేని ఉత్తరం ఎక్కడికి పోతుంది? హాయిగా ఇంటికెళ్లు."

పదకొండూ పది. ఆమె ఫోనొచ్చి పక్కకెళ్లింది. నోట్‌ప్యాడ్‌లోని తాత కోసం కందిరీగ అరగంట పైనే వెతికాడు.

తాతంటే ట్యాంకుల్లోని కణాలకి ఫీడ్, అంటే తిండి, పోసే ముసలి ఆపరేటర్. రెండో ట్యాంకు పక్కన స్టూలు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఏం తాతా, అలిగినట్టున్నావ్?"

"అలగనా మరి? ఇరవయ్యారేళ్లలో వీటినెప్పుడూ పస్తు పెట్టలేదయ్యా. ఇప్పుడు మేడమ్‌గారి కొత్త రూలు. ద్రవం తీసే ముందు రెండు గంటలు ఫీడ్ బంద్. ఇది తొమ్మిదినుంచీ ఆకలితో చస్తోంది."

"శాంపిల్ ఎప్పుడు తీస్తారు?"

"ఫీడ్ ఆపకముందే. కడుపు నిండా ఉన్నప్పుడు."

కందిరీగ దగ్గరికి జరిగాడు. "ఆకలేస్తే ఇవేం చేస్తాయి?"

"మనమేం చేస్తాం? ఇంట్లో ఉన్నవే ఊడ్చుకుతింటాం. ఇవీ అంతే. లోపలి సరుకంతా సంచుల్లో మూటగట్టి పొయ్యిలో వేసుకుంటాయి. కానీ కొన్ని సంచులు పొయ్యిదాకా పోవు. గోడకంటుకుని బయటికి కుమ్మరించేస్తాయి. అప్పుడు చీటీ ఎవడడుగుతాడు? పాపం, ఆ సారు నిన్ననే చెప్పాడు నాకు."

"నిన్న ఒకటో ట్యాంకుకీ పస్తేనా?"

"పస్తే. ఆ ద్రవమే సీసాలకెక్కింది. ఇవాళ మళ్లీ నింపాం."

కందిరీగ రెండో ట్యాంకు కుళాయి తిప్పాడు. బీకరులో పెన్ను ముంచాడు. చూస్తుండగానే పాళీ చివరనుంచి ఊదారంగు పైకి పాకింది.

"వాచీ మీద చెయ్యి వెయ్యకు."

మెడ దగ్గర సెంటు వాసన. నెమలి చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దాని కొసన సన్నటి సూది మెరుస్తోంది. శాస్త్రవేత్త మెడమీది దోమకాటు ఎక్కడిదో అప్పుడర్థమైంది.

"మూడేళ్లు మాకు అబద్ధాలు చెప్పావు," అన్నాడు.

"ఒక్కటీ చెప్పలేదు. చీటీ లేదన్నాను. లేదు కదా?"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజం చెప్పే ఇంటి దొంగ అయితే మరీ కష్టం.

పదకొండూ యాభై ఎనిమిది. ఆసుపత్రిలో నర్సు అక్క చేతికి దూది రాస్తూ ఉంటుంది. ఇక్కడ నెమలి సూది కందిరీగ మెడకి తగిలింది.

"మేడమ్, ఆ పైపు పక్కన నిలబడకండి," అన్నాడు తాత వినయంగా. అంటూనే లీవరు లాగాడు.

ట్యాంకులు కడిగే ఆవిరి బుస్సున చిమ్మింది. నెమలి కెవ్వుమంది. కందిరీగ కిందికి వంగి ఆమె మణికట్టు మెలితిప్పాడు. లిప్‌స్టిక్ నేలమీద దొర్లింది. రెండో చేయి వాచీ మీదికి పోయింది. ఒకటి. రెండు. మూడు.

వాచీని చెవికి ఆనించుకున్నాడు. అతని జీవితంలో అంత పొడుగు నిమిషం ఇంకోటి లేదు. తర్వాత వాచీలోంచి చీఫ్ గొంతు వినబడింది.

"ఆగింది. సూది చర్మం మీదే ఉండగా. మీ అక్క నర్సుతో పోట్లాడుతోంది, పొడిచేదేదో త్వరగా పొడవమని."

తాత అప్పటికే నెమలి చేతులు పైపుకి కట్టేశాడు. కందిరీగ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. పొట్ట వేషం పక్కకి జారినా సర్దుకోలేదు.

"మరి మందు?" అన్నాడు కాసేపటికి.

"పాత కణాలు నా ఫ్రిజ్‌లో భద్రంగా ఉన్నాయి, విషం దూర్చకముందువి," అన్నాడు తాత. "నాలుగు రోజులియ్యి. కడుపునిండా పోసి మందు తీసిస్తా. ఈసారి ఎవరి రూలూ వినను."

"నాలుగు రోజులు చాలు," అన్నాడు చీఫ్. "కందిరీగా, రిపోర్టు వెంటనే కావాలి."

"ముందు భోజనం, చీఫ్. పొద్దుటినుంచీ ఏం తినలేదు. పస్తుమీద కూర్చోబెడితే, మీ గురించి లోపల దాచుకున్నవన్నీ బయటికొస్తాయి."